అయిదేళ్ళ తర్వాత రెండో చెయ్యి

నిన్న రాత్రి పదకొండు గంటలకు మావారి స్వెట్టర్ పూర్తయింది. చివరి కుట్టు వేసి, ఊలు తెంపి, కొసను దబ్బనంతో లోపలికి దూర్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. 2020 జనవరిలో మొదలుపెట్టిన పని ఇది. ఎలా పూర్తయిందో ఇప్పుడే రాసేయాలి. పది రోజులు ఆగితే కోపం చల్లారిపోతుంది. అది చల్లారకముందే రాయాలని నా పట్టుదల.

బెజవాడలో స్వెట్టర్ ఎందుకని అందరూ అడుగుతారు. కాశీ వెళ్ళడానికి. పుష్యమాసంలో తెల్లవారుజామున గంగ ఒడ్డున చలి ఎలా ఉంటుందో వెళ్ళి వచ్చినవాళ్ళకు తెలుసు. మావారు రిటైరయ్యాక ఇద్దరం వెళ్దామనుకున్నాం. వెనక భాగం, ముందు భాగం, ఒక చెయ్యి రెండు నెలల్లో అల్లేశాను. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ప్రయాణం ఆగింది. మరుసటి ఏడాది అమ్మ పోయింది. ఆ తర్వాత సూదులు పట్టుకోబుద్ధి కాలేదు. అన్నీ ఒక పాత చీర ముక్కలో మూటగట్టి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశాను.

అల్లిక నాకు కొత్త కాదు. 1988లో రాయనపాడు రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉన్న పంజాబీ ఆవిడ నేర్పారు. ఆవిడకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. సీదా (తిన్నని కుట్టు), ఉల్టా (తిరగేసిన కుట్టు) అన్న రెండు మాటలతో, చేతి సైగలతో నేర్పేశారు. ఇప్పటికీ నా నోట అవే మాటలు వస్తాయి. ఆ కాలనీలో కనీసం పదిమంది పిల్లలు నేను అల్లిన టోపీలు పెట్టుకుని పెరిగారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఈసారి కాశీ ప్రయాణం ఖాయం కావడంతో దసరా వెళ్ళగానే మూట విప్పాను. అందులో మూడు పనులు సగంలో ఉన్నాయి. అమ్మ కోసం మొదలుపెట్టిన మఫ్లర్ నాలుగు రోజుల్లో అయిపోయింది. అది నేనే కప్పుకుంటాను. మనవడి టోపీ రెండేళ్ళ పిల్లవాడి కొలతది, వాడికిప్పుడు ఏడేళ్ళు. విప్పి ఉండ చుట్టేశాను. ఇక మిగిలింది మావారి స్వెట్టర్‌కు రెండో చెయ్యి.

మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. రాజాకు ఆరేళ్ళు. చిట్టి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మాకు దొరికింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర అన్నం పొట్లాలు పంచడానికి మావారు వెళ్ళినప్పుడు ఈ పిల్ల ఆయన కాళ్ళకు చుట్టుకుని, వెంటపడి సత్యనారాయణపురం దాకా వచ్చేసింది. కుక్కలున్న ఇంట్లో అల్లిక అంటే రోజుకు నాలుగు సార్లు లేవాలి. పొద్దున్నే షికారు, పెరుగన్నం, వీధిలో చెత్త బండి వచ్చినప్పుడల్లా అరుపులు, మధ్యాహ్నం ఊలుబుట్ట పక్కనే నిద్ర. ఒకరోజు చిట్టి ఉండ నోట కరచుకుని తులసికోట చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. సూది మీది నుంచి పద్నాలుగు కుట్లు జారిపోయాయి. క్రోషే సూదితో ఒక్కొక్కటే పైకి ఎక్కించుకున్నాను. అప్పటినుంచి ప్రతి ఇరవై వరుసలకు ఒకసారి, సూది మీదున్న కుట్లన్నిటి గుండా ఎర్ర నూలు దారం ఒకటి గుచ్చి వదిలేస్తున్నాను. కుట్లు జారినా ఆ దారం దాకానే జారతాయి. కుక్కలున్న వాళ్ళందరూ ఇది చేయాలి.

ఇంకొక విషయం. ఊలు కుక్క మింగితే పేగుల్లో చిక్కుకుని ప్రాణం మీదకు వస్తుంది. నోటి నుంచో వెనక నుంచో కొస కనబడితే లాగకూడదు, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. ఊలుపెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసే అలవాటు ఉన్నవాళ్ళు అది కూడా మానుకోండి, అవి కుక్కలకు విషం. నేను ఎండిన వేపాకు వేస్తాను, నెలకొకసారి ఎండలో పెడతాను. ఇంట్లో మూగజీవాన్ని పెట్టుకున్నాక మన సరదాలు దాని ప్రాణం తర్వాతే.

రాజా చిన్నప్పుడు చేసిన ఒక పని మాత్రం ఇన్నాళ్ళకు బయటపడింది. నా పాత పది నంబరు ప్లాస్టిక్ సూదుల జతలో ఒకదాని మొన నమిలేసి ఉంది. మన దగ్గర వాడే నంబర్లలో, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. పది నంబరు అంటే మూడుంపావు మిల్లీమీటర్లు. నాలుగు పోగుల ఊలుకు సరిపోయే సూది అదే. నా చేతికి పది సెంటీమీటర్లకు సరిగ్గా ఇరవై ఎనిమిది కుట్లు వస్తాయి. వన్‌టౌన్‌లో ఒక దుకాణానికి వెళ్ళి పది నంబరు జత అడిగాను. అతను డబ్బాలోంచి రెండు సూదులు తీసి, దారంతో కట్టి ఇచ్చాడు. ఒకదాని తల మీద 10 అని ఉంది. రెండోదాని తల మీద అంకె అరిగిపోయింది. రెండూ ఒకే ఆకుపచ్చ రంగు. నమ్మి తెచ్చుకున్నాను.

మణికట్టు దగ్గర పట్టీ అల్లినంతసేపు ఏ తేడా కనబడలేదు. రెండు సీదా, రెండు ఉల్టా కదా, అందులో ఏదీ బయటపడదు. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా సాగే సాదా అల్లిక మొదలుపెట్టి నలభై వరుసలు వచ్చాక దీపం కింద చూస్తే, ప్రతి రెండు వరుసలకు ఒక సన్నని గాడి. దుక్కి దున్నిన పొలంలో చాళ్ళలా అడ్డంగా గీతలు. మొదటి చేతిని పక్కన పెట్టి చూశాను. దాని మీద ఒక్క గీత లేదు, అద్దంలా ఉంది.

విప్పాను. అయిదేళ్ళు మూటలో ఉన్న ఊలు వంకరలు తిరిగి ఉంటుందనుకున్నాను. చిలపగా చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కింద చిన్న బరువు కట్టి ఆరబెట్టాను. ఊలు తిన్నగా సాగింది. మళ్ళీ అల్లాను. మళ్ళీ అవే గీతలు.

మళ్ళీ విప్పాను. మాటిమాటికీ కుక్కల కోసం లేవడం వల్ల చేతి బిగువు మారుతోందేమో అనుకుని, రెండింటినీ వరండాలో ఉంచి తలుపు వేసుకుని మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. అవి తలుపు గీరుతూనే ఉన్నాయి. ఆ మూడు గంటల అల్లికలోనూ గీతలు వచ్చాయి. పైగా మొదటి చేతి మీద పరచి చూస్తే కొత్తది వెడల్పుగా ఉంది. కుట్లు ఒకటే, వరుసలు ఒకటే. వెడల్పు ఒకటి కాదు.

ఆ ముక్కను సంచిలో పెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. సూదులు సరైనవేనా ఒకసారి చూడు బాబూ అని అడిగాను. అతను సూదుల వంక చూడలేదు. అల్లికను రెండు వేళ్ళతో పట్టుకుని, సాగదీసి వదిలాడు.

"చేయి వదులైంది అమ్మగారూ. అరవై దాటితే అంతే. మా అమ్మ కూడా మానేసింది. ఇలాంటి స్వెట్టర్ బయట తక్కువకే దొరుకుతుంది, మీకెందుకీ శ్రమ?" అన్నాడు.

"సూదులు చూడమన్నాను" అన్నాను.

"సూదిలో ఏముంటుందమ్మా, సూది సూదే."

పక్కన లేసు కొనుక్కుంటున్న ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేనేమీ అనకుండా బయటకు వచ్చేశాను. ఆటోలో కూర్చుని కాళేశ్వరరావు మార్కెట్ దాటేదాకా సంచి మూతి విడవకుండా పట్టుకునే ఉన్నాను.

తొమ్మిది రోజులు సూదులు ముట్టలేదు. ఆ తొమ్మిది రోజులూ నా చేతుల మీదే నాకు అనుమానం. పప్పు గిన్నె దించేటప్పుడు చూసుకునేదాన్ని, చపాతీ ఒత్తేటప్పుడు చూసుకునేదాన్ని. అల్లికలో తప్పు వస్తే విప్పి సరిచేసుకోవచ్చు. చేయే పోయిందంటే సరిచేసుకోవడానికి ఏముంటుంది? దుకాణంవాడు ఒక్క మాటతో నా ముప్ఫై ఏళ్ళ పనిని తీసి పక్కన పారేశాడు. పెద్దవాళ్ళు ఏదైనా తేడా వచ్చిందని చెబితే వయసు మీదికి నెట్టేయడం ఈ ఊళ్ళో అందరికీ సులభమైపోయింది. బ్యాంకులో సంతకం కలవకపోయినా వయసే, ఫోను పనిచేయకపోయినా వయసే. ఎదుటివాళ్ళు తమ వైపు తప్పుందేమోనని చూసుకునే అవసరమే ఉండదు.

పదో రోజు తెల్లవారుజామున వాకిట్లో నీళ్ళు చల్లి, కావాలనే పెద్ద మెలికల ముగ్గు ఎంచుకుని, పదిహేను చుక్కలు పెట్టి వేశాను. గీత ఎక్కడా వణకలేదు. ఎక్కడా లావై సన్నబడలేదు. అప్పుడు ధైర్యం వచ్చింది. చేయి బాగానే ఉంది. తప్పు ఇంకెక్కడో ఉంది.

లోపలికి వెళ్ళి మావారిని లేపి మొత్తం చెప్పాను. అంతకుముందు దుకాణం సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాప్‌లో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేసిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని, "ఇలా తే ఆ సూదులు" అన్నారు. బీరువా పై అరలోంచి వెర్నియర్ కాలిపర్ తీశారు. పసుపు గుడ్డలో చుట్టి, నూనె రాసి దాచుకున్నది. చిట్టి ఆయన పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. మొదటి సూదిని దవడల మధ్య పట్టి, కిటికీ వెలుగులోకి తిప్పి చదివారు. మూడుంపావు. రెండోది పట్టారు. ఒకసారి చదివి, తుడిచి, మళ్ళీ పట్టి చదివారు. మూడుముప్పావు.

అర మిల్లీమీటరు తేడా. ఒకటి పది నంబరు, ఇంకొకటి తొమ్మిది.

"గేజు తేడా వస్తే బండి పట్టాలెక్కదు. నిన్ను నువ్వు అనుమానించుకునే ముందు పనిముట్టును కొలవద్దూ?" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పుడంతా తేటపడింది. కుట్టు ఎంత పెద్దదన్నది దాన్ని అందుకునే సూది, అంటే కుడిచేతిలో ఉన్న సూది, నిర్ణయిస్తుంది. సీదా వరుస సన్న సూది మీదకు వస్తోంది, తిరిగి వచ్చే ఉల్టా వరుస లావు సూది మీదకు వస్తోంది. ఒక వరుస బిగువు, ఒక వరుస వదులు. అందుకే రెండేసి వరుసలకు ఒక గాడి. పది సెంటీమీటర్లకు ఇరవై ఎనిమిది రావలసిన చోట ఇరవై ఆరు కుట్లే వచ్చాయి. స్వెట్టర్ చేతి పైభాగంలో తొంభై ఎనిమిది కుట్లుంటాయి. ఆ లెక్కన ముప్ఫై అయిదు సెంటీమీటర్లు ఉండాల్సింది రెండున్నర సెంటీమీటర్లకు పైగా ఎక్కువ అవుతుంది. నా చేయి మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువులో అల్లింది. ఒకే బిగువులో అల్లింది కాబట్టే ఆ గీతలు అంత తిన్నగా వచ్చాయి. నిజంగా చేయి వదులై ఉంటే అక్కడక్కడ ఎగుడుదిగుడుగా ఉండేది.

ఆ సాయంత్రమే కాలిపర్ సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. మావారు వస్తానన్నారు, వద్దన్నాను. అతని బల్ల మీద రెండు సూదులూ కొలిచి చూపించాను. ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులు కూడా చూశారు. "సూది సూదే అన్నావు, ఇదిగో నీ సూది" అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. వేరే జత తీసి ముందుకు జరిపాడు. క్షమించమని ఒక్క మాట అనలేదు. ఆ జత తీసుకోలేదు, డబ్బు కూడా అడగలేదు. బీసెంట్ రోడ్డు దగ్గర ఇంకోచోట, ఒక్కో సూదినీ కొలిచి కొనుక్కున్నాను.

కొలిచే పరికరం అందరి ఇంట్లో ఉండదు. ఒక గట్టి అట్టముక్క తీసుకుని, మీ పాత సూది మాత్రమే బిగుతుగా దూరేలా రంధ్రం చేసుకోండి. దాన్ని దుకాణానికి పట్టుకెళ్ళి, కొత్త జతలో రెండింటినీ అందులో దూర్చి చూడండి. ఒకటి దూరి ఇంకొకటి దూరకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి. తల మీది అంకెను నమ్మకండి. ఎవరేమన్నా రెండింటినీ కొలవండి.

కొత్త సూదులతో చెయ్యి పదకొండు రోజుల్లో పూర్తయింది. ఒక్క గీత లేదు. చంక దగ్గర అతికించడానికి ఒక సాయంత్రం, పక్క కుట్లకు ఒక రాత్రి పట్టాయి. కుక్క వెంట్రుకలు ఏరడానికే ఒక గంట పట్టింది.

ఈ రోజు పొద్దున అయిదున్నరకు షికారుకు వెళ్ళేముందు మావారు వేసుకున్నారు. రాజా రెండు చేతులనూ మార్చి మార్చి వాసన చూసింది. చిట్టి గొలుసు నోట పట్టుకుని గుమ్మం దగ్గర ఎదురుచూస్తోంది. ఆయన వాకిట్లో దీపం కింద నిలబడి, వర్క్‌షాప్‌లో పని సరిచూసే అలవాటు ప్రకారం రెండు చేతులూ ముందుకు చాపారు. నేను దగ్గరకు వెళ్ళి చూశాను. రెండు పట్టీలూ మణికట్టు ఎముక దగ్గర ఒకేచోట ఆగాయి.