రెండు బ్యాగుల ఉల్లి, ఒక ట్యాంకు నీడ

అక్టోబరు 20. పోయిన ఏడాది మిగిలిన విత్తనాలు ట్రేలో చల్లాను. పదిహేను రోజులైనా ఒక్క మొలక లేదు. ఉల్లి విత్తనం ఏడాది దాటితే పెద్దగా మొలవదని తెలిసి కూడా పీనాసితనానికి పోయాను.

నవంబరు 6. కొత్తగా అగ్రిఫౌండ్ లైట్ రెడ్, 10 గ్రాముల ప్యాకెట్. యాసంగికి పనికొచ్చే రకం. అందులో దాదాపు మూడు వేల గింజలుంటాయి, నాకు కావాల్సింది వంద మొక్కలు. ఒక చిటికెడు ఉంచుకుని మిగతాది నాలాగే మిద్దెతోట ఉన్న ఇద్దరికి పంచేశాను. ఎనిమిదో రోజుకు మొలకలు. ఉల్లి మొలక నిటారుగా రాదు, నడుము మడుచుకుని వస్తుంది. గింజ తొక్కను కొసన మోసుకుంటూ తర్వాత మెల్లగా లేస్తుంది.

డిసెంబరు 22. నారు జానెడైంది, నాటేశాను. నాలుగడుగులకు రెండడుగుల గ్రో బ్యాగులు రెండు. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సమానంగా, బ్యాగుకు రెండు గుప్పెళ్ల వేపపిండి. వరుసల మధ్య 6 అంగుళాలు, మొక్కల మధ్య 4. బ్యాగుకు 48 మొక్కలు. వేర్లు మునిగేంత లోతు చాలు. పోయినసారి రెండంగుళాలు దిగేశాను, గడ్డలు పొడుగ్గా సాగి ముల్లంగికి చుట్టాల్లా తేలాయి.

అమ్మ ఉండేది కర్నూలు దగ్గర. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎర్రగడ్డలు ఎట్లున్నాయిరా?" అనే అడుగుతుంది. అక్కడ ఉల్లి పేరే అది. హైదరాబాదులో ఎర్రగడ్డ అంటే ఒక పేట, అదే మాట అంటే అక్కడి రైతుబజారుకు దారి చెబుతారు.

ఫిబ్రవరి 9. ఆకుల మీద వెండి గీతలు. నడిమి ఆకులు రెండూ కలిసే చోట వేలితో విప్పి చూస్తే, నువ్వుగింజలో పావు వంతు కూడా లేని పసుపు పురుగులు పరుగులు తీస్తున్నాయి. తామర పురుగులు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట ఆ సందులోకే పడేలా కొట్టాను. ఆకుల పైపైన కొడితే జారిపోతుంది తప్ప లాభం లేదు. వారానికొకసారి చొప్పున మూడుసార్లు కొట్టాక తగ్గాయి.

మార్చి 22. మొదటి బ్యాగులో సగం మొక్కలు మెడ వాల్చేశాయి, అంటే గడ్డ పైన కాడ మెత్తబడి ఆకులు పక్కకు పడ్డాయి, గడ్డ తయారైందని గుర్తు. నీళ్లు ఆపేశాను. రెండోది ట్యాంకు నీడలో ఉంటుంది, ఇంకా పచ్చగానే ఉంది. పచ్చగా ఉన్నదాన్ని ఎండబెట్టడానికి మనసొప్పక రోజూ పోస్తూనే ఉన్నాను.

"ఇంకా నీళ్లు పెడతాండావా? నిలపరా, కుళ్లిపోతాయి!" అని అమ్మ తిట్టింది. అప్పటికే ఏప్రిల్ 3.

ఏప్రిల్ 5. మొదటి బ్యాగు పీకాను. 43 గడ్డలు, 2 కిలోల 600 గ్రాములు. ఒక రోజు ఆకులతోనే గడ్డలు కప్పి అక్కడే ఉంచి, తర్వాత రెండు వారాలు మెట్ల కింద నీడలో పరిచాను. మెడను రెండు వేళ్ల మధ్య నొక్కితే తడి తగలకుండా కాగితంలా గరగరమన్నాక, అంగుళం కాడ వదిలి కోశాను.

ఏప్రిల్ 12. రెండో బ్యాగు, 38 గడ్డలు. అందులో 11 వాటికి మెడ బొటనవేలంత లావు. ఎంత ఆరబెట్టినా లోపల మెత్తగానే ఉంది. మూడు పైనుంచి కుళ్లాయి. పూతకాడ వేసిన నాలుగింటిలో నడుమ గట్టి పుల్ల. ఇవేవీ నిలవకు పనికిరావని ముందే వంటింట్లోకి పంపాను. వారమంతా జొన్నరొట్టె, ఎర్రగడ్డ కారం.

మే 30. వలసంచిలో వేలాడదీసినవి ఇంకా కిలోన్నర ఉన్నాయి, ఒక్కటీ మొలకెత్తలేదు. ట్యాంకు నీడలోని బ్యాగులో పుదీనా పెట్టాను.