ఒక్క మాట జవాబుతో ఆగిపోయిన ధ్రువపత్రం: యోగా శిక్షణలో నా అనుభవం

యోగా శిక్షకురాలిగా నాకు ధ్రువపత్రం నిన్ననే చేతికి అందింది. రెండు నెలల క్రితమే రావలసినది ఒక ప్రశ్నకు నేనిచ్చిన ఒక్క మాట జవాబు వల్ల ఆగిపోయింది కనుక, ఆ ఉక్రోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

దరఖాస్తు, ప్రాణాయామ పరీక్ష, రాత పరీక్ష సాఫీగానే గడిచాయి. మా 200 గంటల శిక్షణలో శరీర నిర్మాణానికి దక్కినవి 30 గంటలే; వాటిలోనూ చాలా భాగం ఎముకల పేర్లు వల్లెవేయడానికే సరిపోయింది. వల్లెవేయడంలో నన్ను మించినవారు మా బృందంలో లేరని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. పెద్దవారి శరీరంలో 206 ఎముకలు, మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు అంటూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని.

బోధనా పరీక్షలో నాకు పద్మాసనం వచ్చింది. నా ఎదుట కూర్చున్న పెద్దాయన పాదం ఎలాగో తొడపైకి చేరింది గానీ, మోకాలు నేలకు జానెడు ఎత్తున నిలిచిపోయింది. మా తరగతుల్లో మాకు చేసినట్లే నేనూ "తుంటిని తెరుచుకోనివ్వండి" అంటూ ఆ మోకాలిపై అరచేయి ఆనించి నొక్కాను. ఆయన ముఖం ముడుచుకోవడం నేను చూడలేదు, పరీక్షకురాలు చూశారు. "ఆపండి. మీరిప్పుడు కదిలించాలనుకుంటున్నది ఏ కీలును?" అని అడిగారు. "మోకాలిని" అన్నాను. "మోకాలు మడత బందు కీలని మీరే రాశారు. తలుపును మెలితిప్పితే తెరుచుకుంటుందా?" అన్నారు. వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

పద్మాసనంలో తొడ బయటికి తిరగవలసింది తుంటి దగ్గర, అంటే అన్ని వైపులా తిరిగే బంతి గిన్నె కీలులో. అక్కడ తిరగనిది మోకాలి మీద మెలికగా పడుతుంది. ఆ మెలిక ప్రతి మోకాలిలోనూ ఉండే రెండు నెలవంక ఆకారపు మృదులాస్థులను నలిపేస్తుంది. వాటి లోపలి అంచుకు రక్తప్రసరణ దాదాపు ఉండదు కనుక అక్కడ చిరిగితే మానడం కష్టం. పైగా తొడ ఎముక మెడ, అంటే తుంటి గిన్నెలోని బంతిని తొడ ఎముకకు కలిపే భాగం, ముందుకు తిరిగి ఉండే కోణం అందరిలో ఒకేలా ఉండదు. అది ఎక్కువగా ఉన్నవారి తొడ లోపలికి సులువుగా తిరిగినా బయటికి అంతగా తిరగదు, ఎన్నేళ్ళు సాధన చేసినా ఎముక ఆకారం మారదు. ఇంత ముఖ్యమైన విషయాన్ని పక్కన పెట్టి, సాగనివారిని "సాధన చాలలేదు" అని నిందించడం నేర్పిన మా శిక్షకులను నేను తేలిగ్గా క్షమించలేను.

తర్వాతి రెండు నెలలు పటాలు మూసేసి నా ఒంటినే తడిమి చూసుకున్నాను. తొడ వెనుక కండరాలు కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలి కింద అతుక్కుంటాయని వేళ్ళతో తెలుసుకున్నాకే, కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో మోకాళ్ళు కాస్త వంచితే నడుము ఎందుకు గుండ్రంగా వంగిపోకుండా ఉంటుందో అర్థమైంది. నేర్చుకునేవారికి నేను చెప్పేది ఇదే: ఎముక పేరు మరిచిపోయినా ఫరవాలేదు, మీ చేయి ఏ కీలు మీద ఉందో, ఆ కీలు ఎటు తిరుగుతుందో చెప్పలేకపోతే మాత్రం ఎవరినీ ముట్టుకోవద్దు.

రెండోసారి కూడా ఆమే పరీక్షకురాలు, ఆసనం కూడా అదే. ఈసారి నేను ముందుగా శిక్షణార్థిని బల్లపై కాళ్ళు వేలాడేలా కూర్చోబెట్టి, తొడను కదలనివ్వకుండా పట్టుకుని, పిక్కను రెండో కాలి వైపు మెల్లగా జరిపి తుంటి ఎంత తిరుగుతుందో చూశాను. కొద్దిగానే తిరిగింది. అందుకే మడిచిన దుప్పటి మీద సుఖాసనంలో కూర్చోబెట్టి, పద్మాసనం చేయించనని చెప్పాను. "ఏ కీలు?" అని అడిగారు. "తుంటి" అన్నాను. ఆమె తలెత్తకుండానే ఏదో రాసుకుని, తర్వాతివారిని పిలవమన్నారు.