‘రెస్ట్ తీసుకో, అదే తగ్గిపోతుంది’

ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. రాత్రిళ్లు వెల్లకిలా పడుకోగలుగుతున్నాను. కొన్ని నెలల కిందటైతే పక్కగదిలో ఎవరైనా దగ్గినా నాకు చేతులు వణికేవి. అందుకే ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌లో నాకు ఊపిరి అందకుండా పోయిన ఆ రాత్రి గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

ఎవరెస్ట్‌కి వెళ్లేవాళ్లు ఒక్క ఊపున పైకి పోరు. నేపాల్ వైపు బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి ఖుంబూ ఐస్‌ఫాల్ అనే పగుళ్ల మంచువాలు దాటి క్యాంప్ 1, క్యాంప్ 2 దాకా వెళ్లి, అక్కడ కొన్ని రాత్రులు గడిపి, మళ్లీ బేస్ క్యాంప్‌కి దిగి రెస్ట్ తీసుకోవాలి. దీన్నే రొటేషన్ అంటారు. పల్చటి గాలికి ఒళ్లు అలవాటుపడటానికి మామూలుగా పట్టే దారి ఇదే. నా మొదటి రొటేషన్ బాగానే సాగింది. క్యాంప్ 2లో, దాదాపు 6,400 మీటర్ల దగ్గర, దగ్గు మొదలైంది.

కిందికి రాగానే మా టీమ్ లీడర్‌కి చెప్పాను. దగ్గుతోపాటు ఆయాసం కూడా ఉందని, టెంట్ నుంచి డైనింగ్ టెంట్ దాకా నడవాలంటే రెండుసార్లు ఆగాల్సి వస్తోందని చెప్పాను. ‘ఖుంబూ దగ్గు, అందరికీ వస్తుంది. రెస్ట్ తీసుకో, అదే తగ్గిపోతుంది’ అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగాను, ‘సార్, కిందున్న ఫెరిచే ఊరికి దిగిపోనా?’ అని. పదిమంది భోజనం చేస్తున్నారు అప్పుడు. వాళ్లందరి ముందూ నవ్వుతూ, ‘ఆడవాళ్లకి కాస్త దగ్గొస్తే చాలు, హెలికాప్టర్ కావాలంటారు’ అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

ఖుంబూ దగ్గు నిజంగానే ఉంది. పొడి చల్లగాలికి గొంతు రేగి వస్తుంది. దగ్గి దగ్గి పక్కటెముక విరిగినవాళ్లూ ఉన్నారు. కానీ అందులో కూర్చున్నచోట ఎగశ్వాస రాదు. ఈ తేడా తెలియని మనిషి ఎత్తయిన కొండల మీదికి టీమ్‌ని తీసుకెళ్లకూడదు.

ఇక రెస్ట్. బేస్ క్యాంప్ ఉండేది నేల మీద కాదు, హిమానీనదం మీద. పైన రాళ్లు, కింద మంచు. పగలు ఎండెక్కితే టెంట్‌లో ఉక్కపోత, పొద్దు వాలగానే నీళ్ల సీసా గడ్డకట్టే చలి. రాత్రి పడుకుంటే చాప కింద మంచు పగులుతున్న చప్పుడు వినిపిస్తుంది. దూరంగా ఎక్కడో మంచుచరియ జారుతుంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఆకలి వేయదు, నిద్ర ముక్కలు ముక్కలుగా పడుతుంది. ఊపిరి నిద్రలో కాసేపు ఆగి, ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. ‘ఈ ఎత్తులో చిన్న గాయం కూడా తొందరగా మానదు, ఊపిరితిత్తులు ఎలా మానతాయి?’ అని తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టర్ అడిగింది. శిఖరానికి వెళ్లేముందు చాలా టీమ్‌లు ఫెరిచేకో డింగ్‌బోచేకో దిగి, చిక్కటి గాలిలో ఉండి వచ్చేది ఇందుకే. నేను అడిగిందీ అదే.

ఆ రాత్రి మంచు కురుస్తోంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. లేచి, డఫెల్ బ్యాగ్‌కి ఆనుకుని కూర్చున్నాను. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో గురగురమని నీళ్ల చప్పుడు. మొదట అది బయటి నుంచి వస్తోందనుకున్నాను. దగ్గు తెర వచ్చి, టిష్యూలో ఉమ్మి, హెడ్‌ల్యాంప్ వేసి చూశాను. గులాబీరంగు నురుగు. పెదాలు తడుముకున్నాను, నెత్తురేమోనని. పెదాలకేమీ కాలేదు. అది లోపలిదే.

అరవడానికి గొంతు రాలేదు. స్టీలు మగ్గుతో రాయి మీద కొట్టాను, ఎంతసేపు కొట్టానో తెలియదు. కిచెన్ టెంట్‌లో పడుకునే కుర్రాడొకడు విన్నాడు. షెర్పా పిల్లాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. నా మొహం చూసి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ మంచులో క్యాంప్ అవతలి కొసన ఉన్న క్లినిక్‌కి పరిగెత్తాడు. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్లు 2003 నుంచి సీజన్‌లో బేస్ క్యాంప్‌లో నడిపే టెంట్ ఆస్పత్రి అది. డాక్టర్ వచ్చి స్టెతస్కోప్ పెట్టగానే, ‘హేప్’ అంది. అంటే ఎత్తయిన చోట్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. ఆక్సిజన్ చాలనప్పుడు ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు అక్కడక్కడ బిగుసుకుపోతాయి. బిగుసుకోని చోట్ల రక్తం ఒత్తిడి పెరిగి, నాళాల నుంచి నీరు గాలిగదుల్లోకి ఊరుతుంది. ఆక్సిమీటర్‌లో అంకె అరవైకి లోపే ఉంది. దీనికి అసలు మందు కిందికి దిగడం. ఆ రాత్రి నేను నడవలేను, హెలికాప్టర్ ఎగరలేదు.

రక్తనాళాలను వదులు చేసే నిఫెడిపిన్ అనే మందు ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. ఒకటి చెప్పాలి, సిలిండర్ తెచ్చి రెగ్యులేటర్ బిగించింది మా లీడరే. అతని చేతులు కూడా వణకడం చూశాను. ఆ చేతులకు దణ్ణం పెట్టాలో, ఆ నోటిని తిట్టాలో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత నన్ను గామో బ్యాగ్‌లో పెట్టారు. మనిషి పట్టే గాలి సంచి అది. జిప్ మూసి, బయట నుంచి కాలితో పంపు తొక్కితే లోపల పీడనం పెరుగుతుంది. సుమారు రెండు వేల మీటర్లు కిందికి దిగినట్టు అవుతుంది. కానీ తొక్కడం ఆపకూడదు, ఆపితే లోపల వదిలిన గాలే మళ్లీ పీల్చాలి. నాకు చెవులు పగిలిపోతున్నాయి. మొహం దగ్గర చిన్న ప్లాస్టిక్ కిటికీ. అందులోంచి ఆ కుర్రాడి బూటు కనిపించేది, పైకీ కిందికీ. మధ్యమధ్య వంగి కిటికీలో మొహం పెట్టి, ‘దీదీ, నిద్రపోవద్దు’ అనేవాడు. డాక్టర్ ఎన్నిసార్లు మారుతానన్నా, తెల్లవార్లూ ఎక్కువసేపు తొక్కింది వాడే.

కొండెక్కే ముందు లామా పూజ చేసి ఇచ్చిన బియ్యపు గింజలు నా జాకెట్ జేబులో ఉన్నాయి. వాటిని గుప్పిట్లో పట్టుకుని పడుకున్నాను. నేను గుళ్ల చుట్టూ తిరిగే మనిషిని కాను. కానీ ఆ కొండను షెర్పాలు తల్లి అంటారు కదా, ఆ రాత్రి నేనూ అమ్మా అనే పిలిచాను. ఆమె వింది. నాకు అందులో సందేహం లేదు.

తెల్లవారాక మబ్బు విడింది, హెలికాప్టర్ వచ్చింది. 2,860 మీటర్ల లుక్లాలో తలుపు తీయగానే గాలి లోపలిదాకా వెళ్లింది. ఆ ఒక్క ఊపిరి కోసం ఏడ్చేశాను. కాఠ్‌మాండూలో హాస్పిటల్, ఎక్స్‌రేలు, ఇన్సూరెన్స్ కాగితాలు, వాటి గురించి చెప్పడానికేం లేదు.

అక్కడి డాక్టర్ చెప్పింది మాత్రం చెప్పాలి. ఇది బలహీనులకు వచ్చే జబ్బు కాదట. 1960లో చార్లెస్ హౌస్టన్ అనే డాక్టర్ రాసింది ఆరోగ్యంగా ఉన్న ఓ కుర్ర స్కీయర్ గురించే. అంతకుముందు ఇలాంటివాటిని న్యుమోనియా అనుకునేవాళ్లు. 1962 యుద్ధం తర్వాత హిమాలయాల్లో మన సైనికులను పరీక్షించిన ఇందర్ సింగ్ బృందం 1969లో, ఎత్తు వల్ల జబ్బుపడిన 1,925 మంది గురించి రాసింది. వాళ్లంతా కసరత్తు చేసిన జవాన్లు. ఆడా మగా అని చూసి వచ్చేది కాదు ఇది.

ఇంటికొచ్చాక మావయ్య ఒకాయన, ‘డబ్బులు పోసి చావు కొనుక్కోవడానికి వెళ్లావా?’ అన్నాడు. అమ్మ ఆయన్ని బయటికి పంపేసి నా పక్కన కూర్చుంది. కొండ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఊపిరితిత్తులు పూర్తిగా మామూలుకొచ్చాయని, ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువని, వెళ్తే మాత్రం చాలా నెమ్మదిగా ఎక్కాలని డాక్టర్లు చెప్పారు.

లీడర్ మెసేజ్ పెట్టాడు, త్వరగా కోలుకున్నందుకు సంతోషమని, జరిగింది బయట చెప్పొద్దని. నేను జవాబివ్వలేదు. అతను మళ్లీ టీమ్ కడుతున్నాడని విన్నాను. ఎవరి టీమ్‌లో చేరుతున్నా సరే, డబ్బు కట్టేముందు అడగండి: గామో బ్యాగ్ ఉందా, తొక్కడం ఎంతమందికి వచ్చు, నాకు ఆయాసంగా ఉంది అంటే కిందికి దించే నిర్ణయం ఎవరిది? జవాబు కాగితం మీద రాయించుకోండి.