ఓడ మునిగినవారికి

మార్చి 17, ఐరిష్‌వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగ. బోస్టన్ వీధుల నిండా పచ్చ చొక్కాలు. ఆ సందడి తప్పించుకుని లాంగ్ వార్ఫ్ అనే పాత ఓడరేవు కట్ట చివర నిలబడ్డాను. సముద్రపు గాలికి చెవులు మొద్దుబారాయి.

1737లో సరిగ్గా ఈ తేదీనే ఇక్కడి ఐరిష్‌వాళ్లు కొందరు చేరి చారిటబుల్ ఐరిష్ సొసైటీ పెట్టుకున్నారు. అప్పటికి ఇది బ్రిటిష్ వలస రేవు. స్కాట్లాండ్‌వాళ్లు ఇలాంటి సంఘం 1657లోనే పెట్టుకున్నారు. ఐరిష్ సంఘం ఎవరికి సాయం చేయాలో నిబంధనల్లోనే రాసుకుంది: జబ్బు, ముసలితనం, ఓడ మునక వల్ల చితికిపోయిన స్వదేశీయులకు. 'ఓడ మునక' దగ్గర నా చూపు ఆగిపోయింది. అప్పట్లో అది జ్వరమంత మామూలు కష్టమన్నమాట!

అయితే సభ్యత్వం ప్రొటెస్టెంట్లకే. కేథలిక్కులకు చోటు లేదు. దయకు కూడా గడప కట్టుకున్నారు, మనవాళ్లలాగే. ఆ గడప తరువాత తొలగింది, సంఘం నేటికీ ఉంది.

నేను ఈ ఊళ్లో దిగిన రాత్రి, ముక్కూ మొహం తెలియని తెలుగాయన ఒకరు విమానాశ్రయానికి వచ్చారు. కారెక్కగానే స్టీలు డబ్బా చేతికిచ్చి, "పెరుగన్నం, ముందు తినండి" అన్నారు. మూత మీద ఆవకాయ నూనె మరక. ఆ డబ్బా ఇంకా తిరిగి ఇవ్వనేలేదు.