ఫస్ట్ గ్రేడ్ పాఠం, ఇంట్లో తెలుగు కబుర్లు

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఒక ప్రభుత్వ బడిలో ఫస్ట్ గ్రేడ్ చదువుతోంది. ప్రతి శుక్రవారం ఫోల్డర్‌లో టీచరు ఒక కాగితం పెట్టి పంపుతారు. వచ్చే వారం ఏ లెక్కలు, ఏ స్పెల్లింగులు, లైబ్రరీ ఏ రోజు, సైన్సులో ఏం చేస్తారు, అన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో తెలుగు నిలబెట్టడానికి నాకు అంతకంటే మంచి ఆధారం దొరకలేదు.

"బళ్లో ఏం చేశారు?" అని అడిగితే "ఏం లేదు" అంటుంది. అదే "ఈరోజు పది గళ్ల కార్డు మీద బిళ్లలు పేర్చారా?" అని అడిగితే ఇక నోరు ఆగదు. విషయం బళ్లోనే అర్థమైపోయి ఉంటుంది కాబట్టి, ఇంట్లో కొత్తగా కావలసింది తెలుగు మాటలే.

లెక్కలు చూడండి. 2010లో ఈ రాష్ట్రం తీసుకున్న కామన్ కోర్ (ఏ క్లాసులో ఏం నేర్పాలో చెప్పే ఉమ్మడి ప్రమాణాలు) ప్రకారం ఫస్ట్ గ్రేడ్‌లో 20 లోపు కూడికలు, తీసివేతలు, 120 వరకు అంకెలు, గడియారంలో గంట, అరగంట చెప్పడం నేర్పుతారు. ఇంతేనా అని మనవాళ్లకు టెన్షన్. పైక్లాసు వర్క్‌బుక్కులు కొని పిల్లల ముందు పెడతారు. నాకది నచ్చదు. ఆ 20 లోపే నేర్చుకోవలసింది బోలెడు ఉంది. 8కి 5 కలపాలంటే, 5లోంచి 2 తీసి 8కి ఇచ్చి పది చేస్తారు. మిగిలిన 3 కలిపితే 13. రాత్రి నానబెట్టబోయే శనగలతో మేం ఇదే ఆడతాం. "రెండు ఇటు జరుపు. అటు ఎన్ని మిగిలాయి?" అంటే గబగబా తెలుగులోనే చెప్పేస్తుంది.

మా నాన్న వీడియో కాల్‌లో నా చిన్నప్పటి పద్ధతి చెబుతారు. "ఎనిమిది మనసులో పెట్టుకో తల్లీ. అయిదు వేళ్లు చాపు. ఎనిమిది తర్వాత ఎంత?" ఇక్కడి బళ్లోనూ దాన్ని కౌంటింగ్ ఆన్ అని నేర్పుతారు. మా టీచరు చెప్పిందే తాతయ్యకు కూడా తెలుసు అని దానికి ఎంత సంబరమో!

ఇంగ్లీషు చదువులో నేను చేసేది తక్కువే. పక్కన కూర్చుని వింటాను, అయ్యాక కథ గురించి తెలుగులో రెండు ప్రశ్నలు అడుగుతాను.

మాకు అన్నిటికంటే బాగా కలిసొచ్చింది చంద్రుడి పాఠం. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలను గమనించడం ఫస్ట్ గ్రేడ్ సైన్సులో భాగం. రోజూ సాయంత్రం చంద్రుణ్ణి చూసి బొమ్మ వేయమన్నారు. ఇక్కడ సాయంత్రమైతే రాజమండ్రిలో మా అమ్మ కాఫీ కలుపుకునే వేళ.

"అమ్మమ్మా, మూన్ సగమే ఉన్నాడు. నీకు కనిపిస్తున్నాడా?"

"ఇక్కడ తెల్లారిపోయింది కదే బంగారం. నిన్న రాత్రి డాబా మీద నుంచి చూశాను. సప్తమి చంద్రుడు."

అలా పాడ్యమి నుంచి పున్నమి దాకా తిథులన్నీ ఆ బొమ్మల కిందకి చేరాయి. కూర్చోబెట్టి వల్లె వేయించి ఉంటే ఇంత ఇష్టంగా నేర్చుకునేది కాదు. పున్నమి దాటాక కొన్నాళ్లు చంద్రుడు కనబడక దిగులు పడింది. ఆలస్యంగా ఉదయిస్తాడు కదా, అప్పటికి నిద్రపోతుంది. ఒకరోజు పొద్దున బడి గేటు దగ్గర పడమటి వైపు తెల్లగా కనిపించేసరికి నా చెయ్యి వదిలేసి "అమ్మా, ఇక్కడున్నాడు!" అని అరిచింది. తెలుగులోనే అరిచింది, చుట్టూ అందరూ ఇంగ్లీషు మాట్లాడుతున్నా.

మీ ఇంట్లోనూ మొదలుపెట్టాలనుకుంటే అమావాస్య వెళ్లాక విదియో తదియో చూసుకోండి. పొద్దు గుంకగానే పడమర వైపు సన్నగా కనిపిస్తాడు. అక్కడి నుంచి పున్నమి దాకా పిల్లలు పడుకునేలోపే చూడొచ్చు. ఇండియా క్యాలెండర్‌లోని తిథి ఇక్కడ ఒక్కోసారి ఒకరోజు తేడా వస్తుంది కాబట్టి, మీ ఊరి సమయానికి లెక్కగట్టిన పంచాంగం దగ్గర పెట్టుకోండి.