వాల్యూమ్ పాట్ మీద ‘బి’ అని ఉంటే లీనియర్ అనుకోకండి: నా అనుభవం

నాన్నగారి పాత జర్మన్ యాంప్లిఫయర్ నిన్న రాత్రి మళ్ళీ సరిగ్గా పాడింది. విప్పడం, సోల్డరింగ్ అంతా కలిపి గంట పని. మూడు వారాలు పోయింది మాత్రం ఒక్క అక్షరం వల్ల.

వాల్యూమ్ తిప్పితే గరగరమనేది. పాత పాట్ (పొటెన్షియోమీటర్, అంటే నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) మీద ‘100కె బి’ అని ఉంది; 100కె అంటే 100 కిలోఓమ్స్. కోఠిలో సరిగ్గా అదే రాసి ఉన్న డ్యూయల్ పాట్ (ఒకే షాఫ్ట్ మీద రెండు పాట్‌లు) కొని బిగించాను. గరగర పోయింది. కానీ నాబ్ కొంచెం కదిపితే చాలు, ఇల్లు దద్దరిల్లేది. సగం దాటాక ఎంత తిప్పినా పెద్దగా పెరిగేది కాదు.

షాపుకెళ్ళి అడిగితే కౌంటర్ దగ్గర పదిమంది ముందు షాపతను, ‘మీరడిగిందే ఇచ్చాం సార్, తెలియకపోతే మెకానిక్‌కి ఇవ్వండి’ అన్నాడు. పదిహేనేళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నవాణ్ణి, ఏమీ మాట్లాడలేక వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే రెండు పాట్‌లూ మల్టీమీటర్‌తో చూశాను. షాఫ్ట్ మన వైపు, కాళ్ళు కిందికి పెట్టి, నాబ్ సరిగ్గా మధ్యలో ఉంచి, ఎడమ కాలికీ మధ్య కాలికీ కొలవాలి. కొత్తది 50కె చూపించింది, అంటే లీనియర్ (తిప్పినకొద్దీ రెసిస్టెన్స్ సమానంగా పెరిగేది). పాతది 12కె! అది లాగ్ (మొదట మెల్లగా, చివర్లో వేగంగా పెరిగేది). ఇప్పుడు మనకు దొరికేవాటిలో ఎక్కువగా ఎ అంటే లాగ్, బి అంటే లీనియర్. పాత యూరప్ సరుకులో ఎ లీనియర్, బి లాగ్ అని కూడా రాసేవారు. పాట్‌లు తయారుచేసే వైషే కంపెనీ ఇప్పటికీ లీనియర్‌కి ఎ, లాగ్‌కి ఎల్ వాడుతుంది. అమ్మేవాళ్ళు ఈ ఒక్క ముక్క చెబితే ఎంతమందికి డబ్బు మిగిలేదో!

మన చెవి శబ్దాన్ని లాగ్ లెక్కలోనే వింటుంది. లీనియర్ మధ్యలో ఉంటే తగ్గేది 6 డెసిబెల్సే, లాగ్‌లో 18 దాకా తగ్గుతుంది. వాల్యూమ్‌కి లాగే కావాలి. బ్యాలెన్స్‌కి లీనియర్ బాగుంటుంది.

లాగ్ దొరికేదాకా లీనియర్ పాట్ మధ్య కాలికీ ఎడమ కాలికీ 10కె రెసిస్టర్ వేసి, దాన్ని దాదాపు లాగ్‌లా చేసి వారం నడిపాను. పనిచేస్తుంది కానీ, ఫుల్ వాల్యూమ్‌లో ముందు స్టేజ్‌కి (పాట్‌కి సిగ్నల్ పంపే సర్క్యూట్‌కి) 100కె బదులు 9కె లోడే కనిపిస్తుంది, అంటే దానిమీద భారం పెరుగుతుంది. శాశ్వతంగా ఉంచకండి.

ఈసారి వేరే షాపుకి మీటర్ పట్టుకెళ్ళాను. ‘100కె ఎ’ మధ్యలో 13కె చూపించింది. రెండు గ్యాంగులూ (డ్యూయల్ పాట్‌లోని రెండు పాట్‌లూ) విడివిడిగా కొలిచాకే డబ్బులిచ్చాను. రాత్రి నాన్నగారు నాబ్ మెల్లగా తిప్పుకుంటూ, పక్కగదిలో నిద్రపోతున్న అమ్మకి వినపడకుండా పాటలు విన్నారు.