గన్నేరు పట్టుకుని గుమ్మంలో

మా పెదనాన్నగారి అబ్బాయి కొడుకు పోయి ఏడాది అయింది. బైక్ యాక్సిడెంట్. ఇంటర్ సెకండియర్ చదివేవాడు. సంవత్సరీకానికి ఏం పట్టుకెళ్ళాలో తోచలేదు. పోయినసారి తీసుకెళ్ళిన పళ్ళు బుట్టలోనే కుళ్ళిపోయాయి. అందుకని ఈసారి మొక్క అనుకున్నాను. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండాలి, నీళ్ళు పోయడం మరిచిపోయినా బతకాలి. ఆ ఇంట్లో అన్నం వండుకోవడమే మరిచిపోతున్నారు మరి.

రాజమండ్రి నుంచి కడియపులంక దగ్గరే, బండి మీద వెళ్ళాను. రోడ్డు పొడుగునా నర్సరీలే. మేడ మీద 30 కుండీలు పెంచుతున్నవాణ్ణి, నాకొకరు చెప్పాలా? నర్సరీ ఆయన ఏదో అనబోతుంటే ఆపి, "హైవే డివైడర్ మీద ఎండకీ పొగకీ తట్టుకుని పూసేది గన్నేరేగా, అదివ్వండి" అన్నాను. ఎవరికోసమో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

రావులపాలెంలో గుమ్మం దగ్గరే వదిన వాళ్ళ అమ్మగారు ఎదురయ్యారు. మొక్క వంక చూసి, "గన్నేరా? చావాలనుకున్నవాళ్ళు వెతుక్కునే చెట్టు తెచ్చి నా కూతురి చేతిలో పెడతావా బాబూ?" అన్నారు. వరండాలో చుట్టాలందరూ తలలెత్తారు. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. "గన్నేరు పప్పు పచ్చగన్నేరుదండీ, ఇది వేరు" అని బోటనీ మొదలుపెట్టాను. ఇది కూడా ఆకు నుంచి వేరు దాకా విషమేనని నాకు తెలుసు. తెలిసీ వాదించాను, అదీ ఆ రోజున. వదిన ఒక్క మాట అనలేదు, నా చేతిలో మొక్కనే చూస్తూ నిలబడింది. ఇది రాస్తుంటే ఇంకా చెవులు కాలుతున్నాయి. ఆ ఇంట్లో భోజనం చేయకుండా వచ్చేశాను.

మర్నాడు నర్సరీకి వెళ్తే, అమ్మిన మొక్క వెనక్కి తీసుకోం అన్నారు. బదులుగా దేవగన్నేరు కొనమన్నాడాయన. పేరులో మళ్ళీ గన్నేరే!

అక్కడ పైపుతో నీళ్ళు కొడుతున్న ఒకావిడ సంగతంతా విని, "పారిజాతం తీసుకెళ్ళు బాబూ" అంది. నాకు మనసొప్పలేదు. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోయే పువ్వు, బిడ్డ పోయిన తల్లికా? అదే అడిగాను. "రాలిన పువ్వు ఏరి దేవుడికి పెట్టేది అదొక్కటేగా" అని పైపు ఇంకో వరసలోకి లాక్కుపోయింది.

ఓనరు చేతికిచ్చిన మొదటి పారిజాతం మొక్కను మొదలు దగ్గర పట్టుకుని కాస్త కదిపితే ఎర్రమట్టిలోంచి ఊడి వచ్చేసింది. నిన్నో మొన్నో సంచిలో గుచ్చిందన్నమాట. ఆకుల నిగనిగ చూసి మోసపోకండి, సంచి అడుగు చిల్లుల్లోంచి వేళ్ళు కనబడాలి. ఇంకో మాట, ఇలాంటి ఇంటికి మొక్క తీసుకెళ్ళేముందు ఆ ఇంటి పెద్దావిడను అడగండి, నాలాంటి మేడమీది రైతులను కాదు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. పారిజాతానికి మొదలు దగ్గర నీళ్ళు నిలవకూడదు, అక్కడిది బరువు నేల. ఇసుక, పశువుల ఎరువు కలిపి గట్టులా ఎత్తు చేసి నాటాం. గాలికి వాలకుండా ఊతకర్ర కావాలంటే అన్నయ్య లోపలికి వెళ్ళి, పిల్లాడి క్రికెట్ వికెట్ ఒకటి తెచ్చి పాతాడు. వదిన పాత పంచె అంచు చింపి రెండింటినీ కలిపి వదులుగా కట్టింది. "రోజూ పొయ్యాలా?" అని అడిగింది. మొదటి ఏడాది పొయ్యాలి వదినా, అన్నాను.